ఊరికే కూర్చునే చోటు

మన ఊళ్ళ చరిత్ర రాసినవాళ్ళు కోటల గురించి పేజీలకు పేజీలు రాశారు. చెరువుల గురించి, గుళ్ళ గురించి, బజార్ల గురించి రాశారు. పార్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క పేరాతో సరిపెట్టేస్తారు. ఎన్ని ఎకరాలు, ఎవరు శంకుస్థాపన చేశారు, ఎన్ని రకాల చెట్లున్నాయి, పడవ షికారు ఉందా లేదా... అంతే. ఆ బెంచీల మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేకపోయారు, కూర్చున్నవాళ్ళు ఎవరికి ఏం జవాబు చెప్పుకుని కూర్చున్నారు అన్నది చరిత్ర లెక్కలోకి రాదు. నాకు మాత్రం ఆ జవాబుల చరిత్రే పార్కు అసలు చరిత్ర అనిపిస్తుంది.

ఎందుకంటే మన సమాజంలో ఆడది ఆరుబయట కనిపించాలంటే ఒక కారణం చూపించాలి. నీళ్ళకు వెళ్తోంది, కట్టెలకు వెళ్తోంది, కూలికి వెళ్తోంది, గుడికి వెళ్తోంది, పిల్లాణ్ణి బడి నుంచి తీసుకురావడానికి వెళ్తోంది. పని ఉన్నంతసేపు రోడ్డు మీద ఉండొచ్చు, అయిపోగానే ఇంటికి చేరాలి. మగవాడికి ఈ లెక్క లేదు. రచ్చబండ మీద, టీకొట్టు ముందు, పాన్‌డబ్బా దగ్గర, కల్వర్టు గోడ మీద గంటల తరబడి కూర్చోగలడు. “ఏం చేస్తున్నావు?” అని అడిగితే “ఊరికే” అంటాడు. అక్కడితో సరి. అదే మాట ఆడది అంటే అనుమానం అక్కడే మొదలవుతుంది.

పార్కు అన్నది ఆధునిక నగరం చేసిన ఒక వాగ్దానం. ఇక్కడ కొనడానికేమీ లేదు, మొక్కుకోవడానికెవరూ లేరు, చేసితీరాల్సిన పనీ లేదు. ఎవరైనా వచ్చి ఊరికే కూర్చోవచ్చు అన్న వాగ్దానం. అది స్త్రీల దాకా వచ్చిందా? వస్తే ఏ షరతుల మీద వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని మన దగ్గరి తోటల చరిత్రను కొంచెం తిరగేసి చూద్దాం.

ఉయ్యాల ఎవరిది?

పార్కులు రాకముందు మన ఆడవాళ్ళకు ఆరుబయలే లేదనుకుంటే పొరపాటు. కోస్తా జిల్లాల్లో అట్లతద్ది ఉంది. ఆశ్వయుజ పున్నమి వెళ్ళిన మూడో రోజు తెల్లవారకముందే లేచి, చద్దన్నం తిని, చీకట్లోనే వీధుల్లోకొచ్చి ఆడుకుంటారు. చెట్లకు తాళ్ళు కట్టి ఉయ్యాలలూగుతారు. చిన్నపిల్లలే కాదు, పెళ్ళయినవాళ్ళూ ఊగుతారు. తెలంగాణలో బతుకమ్మ ఉంది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు ఊరి నడిమధ్య, గుడి ముందు, చెరువుగట్టు మీద ఆడవాళ్ళదే రాజ్యం. తంగేడు, గునుగు పూలు పేర్చి, చుట్టూ తిరుగుతూ, చప్పట్లు కొడుతూ, గొంతెత్తి పాడతారు. ఇక పండగతో పనిలేకుండా ప్రతిరోజూ ఉండేది రేవు. బిందె నిండేలోపు చెప్పుకున్న కష్టసుఖాలు ఎన్నో!

వీటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక రకంగా ఇవే మన మొదటి పార్కులు. కానీ వీటి వెనక ఉన్న షరతును కూడా చూడాలి. అట్లతద్ది ఉయ్యాల ఎందుకు? మంచి మొగుడు రావడానికి, వచ్చినవాడి ఆయుష్షు పెరగడానికి. బతుకమ్మ తొమ్మిది రోజులే, పదో రోజు అదే చెరువుగట్టు మీద అదే మనిషి ఒంటరిగా కూర్చుంటే ఊరంతా అడుగుతుంది. రేవులో చంకన బిందె ఉండి తీరాలి. పైగా ఏ కులం ఆడవాళ్ళు ఏ బావి దగ్గర నిలబడొచ్చు, ఏ వాకిట్లో ఆడొచ్చు అన్నదానికి ఊరికో కట్టడి. ఆనందం ఉంది, అయితే అది క్యాలెండరు ఇచ్చిన అనుమతి. నోము పేరుతో, పని పేరుతో సంపాదించుకున్న ఆరుబయలు.

పార్కు వచ్చాక ఈ ఉయ్యాలకు ఒక చిత్రమైన గతి పట్టింది. తాడు పోయి ఇనుప గొలుసు వచ్చింది. పక్కనే ఒక బోర్డు కూడా వచ్చింది, “పిల్లలకు మాత్రమే” అని. బరువుకు గొలుసు తెగుతుందన్న భయం ఉండొచ్చు, కాదనను. కానీ పెద్దవాళ్ళు ఊగగలిగే ఉయ్యాల ఒకటి వేద్దామన్న ఆలోచన ఏ మునిసిపాలిటీకి వచ్చింది? అమ్మమ్మలు చెట్టుకొమ్మ అందేలా ఊగిన ఉయ్యాలను మనవరాళ్ళు పదేళ్ళకే దిగిపోవాల్సి వచ్చింది.

భార్యను వెంటబెట్టుకుని...

మనకు తెలిసిన ఈ ప్రభుత్వ పార్కు నమూనా ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ ఫ్యాక్టరీల పొగలో, ఇరుకు వాడల్లో కార్మికులు మగ్గిపోతున్నారని, కాస్త గాలి వెలుతురు ఉండే చోట్లు కావాలని 1833లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఒకటి నివేదిక ఇచ్చింది. 1840లో డర్బీలో ఒక వృక్షోద్యానం, 1847లో బర్కెన్‌హెడ్ పార్కు జనం కోసం తెరుచుకున్నాయి. ఆ కమిటీ వాదనలో ఒక ముక్క మనం గమనించాలి. కార్మికుడు కుటుంబంతో కలిసి నలుగురిలోకి షికారుకు వస్తే తాను శుభ్రమైన బట్టలు వేసుకోవాలనుకుంటాడు, భార్యాపిల్లలకు కూడా మంచి బట్టలుండాలనుకుంటాడు, ఆ కోరికతో తాగుడు మాని కష్టపడతాడు... ఇదీ వరస. అంటే పార్కు మగవాణ్ణి బాగుచేసే చోటు, అతను బాగుపడ్డాడనడానికి పక్కన నడిచే భార్య సాక్ష్యం. ఆమెకు గాలి కావాలా, విశ్రాంతి కావాలా అన్న ప్రశ్న ఆ వాదనలో లేదు.

ఆ నమూనానే ఓడెక్కి మద్రాసుకు వచ్చింది. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ పీపుల్స్ పార్కుకు నాంది పలికాడు. చెరువులు, బ్యాండు వాయించే వేదిక, జంతుప్రదర్శనశాల అన్నీ అందులో ఉండేవి. తెలుగువాళ్ళకు కూడా అప్పుడు అదే రాజధాని కాబట్టి అది మన పార్కు కూడా. తర్వాతి కాలంలో ఆ తోటను కోసుకుంటూ పోయి విక్టోరియా పబ్లిక్ హాలు, మూర్ మార్కెట్, రిపన్ బిల్డింగ్, స్టేడియం కట్టారు. ‘పీపుల్’ పేరు మీద ఉన్న స్థలాలకు ఎప్పుడూ ఇదే గతి. మిగిలిన ముక్కల్లో ఒకదాని పేరు మై లేడీస్ పార్కు. పేరులో దొరసాని ఉంది. కూలికెళ్ళే ఆడమనిషి మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చుకునే చోటు గురించి మాత్రం ఆ కాలపు గవర్నర్లెవరూ ఆలోచించినట్టు లేదు.

హైదరాబాదుకు కూడా సొంత తోట ఉంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. పాత పేరు బాగ్-ఎ-ఆమ్. మా ఇంట్లో పిల్లలు ఆ పేరు విని మామిడితోట అనుకున్నారు. ఆమ్ అంటే ఇక్కడ మామిడిపండు కాదు, సామాన్యులు. సామాన్యుల తోట! 1905లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా ఈ తోటలో టౌన్‌హాలుకు పునాది వేశారు. 1913లో పూర్తయింది. తర్వాత శాసనసభ అందులోకే వచ్చింది. మ్యూజియం, జూబిలీ హాలు, మసీదు, పిల్లల బాలభవన్, ఆరుబయటి రంగస్థలం అన్నీ ఈ తోట ఆవరణలోనివే. 1963లో నెహ్రూ జూ పార్కు తెరిచేదాకా జంతువులు కూడా ఇక్కడే ఉండేవి. చట్టాలు చేసేవాళ్ళకు చోటు దొరికింది, పులులకు కొన్నాళ్ళు దొరికింది. ఆ ‘ఆమ్’లో ఆడవాళ్ళ మాటేమిటి?

పరదా రోజు

పరదా పాటించే సమాజాలు ఈ ప్రశ్నకు తమదైన సమాధానం వెతికాయి. ఆడవాళ్ళకు విడిగా తోట, లేదా విడిగా ఒక రోజు. ఢిల్లీలో షాజహాన్ కూతురు జహనారా 1650 ప్రాంతంలో చాందినీచౌక్‌తో పాటు ఒక సరాయి, ఒక పెద్ద తోట వేయించింది. దాన్ని బేగం బాగ్ అనేవారు. 1857 తిరుగుబాటును అణిచాక బ్రిటిష్ వాళ్ళు సరాయిని కూల్చి టౌన్‌హాలు కట్టారు, తోట పేరు మార్చి క్వీన్స్ గార్డెన్ అన్నారు. ఒక రాజకుమార్తె వేసిన తోటను ఇంకో దేశపు రాణి పేరుకు రాయడం! అదే ఢిల్లీలో దర్యాగంజ్ దగ్గర పర్దా బాగ్ అని స్త్రీలకు మాత్రమే ఉన్న తోట ఒకటుంది.

మన బాగ్-ఎ-ఆమ్‌లో 1938లో మరో సంగతి మొదలైంది. ఉస్మానియా పట్టభద్రులు కొందరు కలిసి పది రోజుల ప్రదర్శన ఒకటి పెట్టారు. అదే నుమాయిష్. 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. నుమాయిష్‌లో ‘లేడీస్ డే’ అని ఒక సంప్రదాయం ఉంది. ఆ ఒక్క రోజు లోపలికి స్త్రీలకే ప్రవేశం. పాతబస్తీ నుంచి గుంపులు గుంపులుగా వచ్చి, బురఖా ముసుగు పైకెత్తి, రంగులరాట్నం మీద నోరారా అరిచి, మిర్చీబజ్జీలు తిని, గాజులు బేరమాడి వెళ్తారు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ నుమాయిష్ నడిపే సొసైటీయే ఆడపిల్లలకు కాలేజీలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం అలా వచ్చిందే. ఒక తోటలో మొదలైన పది రోజుల సంబరం కొన్ని వేలమంది ఆడపిల్లల డిగ్రీగా మారిందంటే అది చిన్న విషయం కాదు.

విడిగా ఒక రోజు ఇవ్వడం స్వేచ్ఛా, నిర్బంధమా? ఈ చర్చ మన స్త్రీవాదుల్లో ఎప్పటినుంచో ఉంది. లేడీస్ డే నాడు లోపలికి వెళ్ళిన మనిషికి అది స్వేచ్ఛే, ఆమె నవ్వు చూస్తే తెలుస్తుంది. కానీ ఆ ఒక్క రోజు ఆడవాళ్ళదని రాసుకున్నామంటే మిగతా రోజులు ఎవరివో రాయకుండానే తెలిసిపోతోంది. బస్సులో ‘స్త్రీలకు మాత్రమే’ అని రాసిన సీటు గురించి మనందరికీ ఇదే అనుభవం. ఆ సీటు ఉండాలి, పోరాడి తెచ్చుకున్నాం. దానివల్ల వెనక సీట్లన్నీ మగవాళ్ళవని ఒప్పుకున్నట్టు కాకూడదు.

తల్లి, ఆ తర్వాత పేషెంటు

స్వాతంత్ర్యం వచ్చాక మునిసిపల్ పార్కులు పెరిగాయి. నోము, పరదా స్థానంలోకి కొత్త కారణం వచ్చింది: పిల్లలు. జారుడుబల్ల కింద నిలబడి “జాగ్రత్త నాన్నా” అంటున్న తల్లిని ఎవరూ ఏమీ అడగరు. పిల్లవాడే ఆమె గేటు పాసు. ఆ పిల్లలు ఎదిగి క్రికెట్టు బ్యాటు పట్టుకుని సొంతంగా వెళ్ళడం మొదలుపెట్టగానే తల్లి పాసు రద్దవుతుంది. ఇక ఆమె మళ్ళీ పార్కుకు రావాలంటే షుగరో, బీపీయో రావాలి. నలభై దాటాక డాక్టరు కాగితం మీద రాసిచ్చిన కారణంతో, కాన్వాస్ బూట్లు తొడుక్కుని, చీర కొంచెం పైకి దోపుకుని ఆమె వాకింగ్ ట్రాక్ మీదికి వస్తుంది. గుండ్రంగా తిరుగుతుంది. బెంచీ మీద కూర్చోదు. కూర్చుంటే ఆరోగ్యం అన్న కారణం కూడా పోతుంది మరి!

ఈ ఆరోగ్యం వంకను ఆడవాళ్ళు ఎంత తెలివిగా వాడుకున్నారో కూడా చెప్పుకోవాలి. 1995లో ముంబైలో ఒక డాక్టరు పార్కులో ఐదుగురితో లాఫింగ్ క్లబ్బు మొదలుపెట్టాడు. అది మన ఊళ్ళకూ పాకింది. నవ్వే ఆడదాన్ని నమ్మరాదని సామెత చెప్పుకున్న సమాజంలో, అరవయ్యేళ్ళ ఆడవాళ్ళు చేతులు పైకెత్తి పార్కు దద్దరిల్లేలా నవ్వుతున్నారు. అడిగితే ఊపిరితిత్తులకు మంచిదంటారు. మా కాలనీ పార్కులో అలా నవ్వే ఒక పెద్దావిడను అడిగాను, నిజంగా ఊపిరితిత్తుల కోసమేనా అని. “ఇంట్లో ఇంత గట్టిగా నవ్వితే ఊరుకుంటారామ్మా?” అంది.

ఆ పార్కులోనే ఒకరోజు పుస్తకం పట్టుకుని వేపచెట్టు కింద కూర్చున్నాను. అరగంటలో వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి “ఎవరైనా రావాలా మేడమ్?” అని మర్యాదగానే అడిగాడు. అతని తప్పేమీ లేదు. ఒక ఆడమనిషి ఎవరి కోసమూ ఎదురుచూడకుండా కూర్చోవడం అన్నది అతని అనుభవంలో లేదు.

పుస్తకం అంటే గుర్తొచ్చింది. వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రచురించిన ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ మనలో చాలామందికి కంఠతా వచ్చిన పుస్తకం. రాసే స్త్రీకి తనదైన గది ఉండాలన్న మాట అందరం గుర్తుపెట్టుకున్నాం. అయితే ఆ పుస్తకం మొదట్లోనే ఇంకో సంఘటన ఉంది. కథకురాలు ఏదో ఆలోచనలో పడి విశ్వవిద్యాలయం పచ్చిక మీద నడుస్తుంటే ఒక అధికారి చేతులూపుతూ అడ్డం వస్తాడు. పచ్చిక అక్కడి పండితులకే, ఆమె నడవాల్సింది కంకర దారి మీద. ఆ గాభరాలో అప్పుడే మనసులో కదిలిన ఆలోచన కాస్తా ఎటో పారిపోతుంది. గది గురించి ఇన్ని వ్యాసాలు రాసుకున్న మనం ఆ పచ్చిక గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. ఆలోచన గదిలోనే పుట్టదు. నడుస్తుంటే పుడుతుంది, ఊరికే కూర్చుంటే పుడుతుంది. రాసే స్త్రీలకు పార్కు విషయం పట్టాల్సింది అందుకే.

1978

హైదరాబాదు నడిబొడ్డున డెబ్భయ్యారు ఎకరాల ఇందిరా పార్కుకు 1975 సెప్టెంబరులో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశాడు. అప్పటికి దేశంలో ఎమర్జెన్సీ. 1978లో పార్కును జనానికి తెరిచారు. రాతిగుట్టలు, చెరువు, పడవలు, పచ్చిక... నగరవాసులకు సాయంత్రాలు గడిపే చోటు వచ్చింది.

అదే 1978 మార్చిలో, ఆ పార్కుకు ఎంతో దూరం లేని నల్లకుంటలో ఏం జరిగిందో మనకు తెలుసు. రమీజాబీ భర్తతో కలిసి సినిమా చూసి రాత్రి తిరిగి వస్తోంది. పోలీసులు పట్టుకుని స్టేషనుకు తీసుకెళ్ళారు. అత్యాచారం చేశారు. ఇదేమిటని అడిగిన భర్తను, ఒక రిక్షా కార్మికుణ్ణి, కొట్టి చంపారు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కానీ విచారణ పొడుగునా ఆమె నడవడి మీదే ప్రశ్నలు. ఆ వేళప్పుడు బయట ఎందుకుంది? చివరికి కేసు రాయచూరుకు బదిలీ అయ్యి నిందితులు విడుదలయ్యారు. సినిమా చూసి రావడం అన్నది ఆ కోర్టుల లెక్కలో చాలిన కారణం కాలేదు. ఆ ఏడాదే హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన పుట్టింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం నా కల్పన కాదు, క్యాలెండరు పెట్టింది. ఒకే నగరం ఒకే ఏడాది ఒక చేత్తో జనానికి ఉల్లాసం కోసం తోట తెరిచి, ఇంకో చేత్తో ఉల్లాసం కోసం బయటికెళ్ళిన పేద ముస్లిం స్త్రీని ఏం చేసిందో చూడకుండా ఆ తోట చరిత్ర పూర్తికాదు.

ఇందిరా పార్కుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. పార్కు బయటి రోడ్డు ధర్నా చౌక్ అయింది. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా వర్కర్లు, పొదుపు సంఘాల మహిళలు, ఉద్యోగాలు ఊడినవాళ్ళు జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి అక్కడ కూర్చున్నారు. మధ్యాహ్నం పార్కు గోడ నీడన సద్దులు విప్పుకుని తిన్నారు. టాయిలెట్ కోసం ఎంత అవస్థపడ్డారో ధర్నాకు వెళ్ళిన ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. 2017లో ప్రభుత్వం అక్కడ ధర్నాలు వద్దంది, 2018 నవంబరులో హైకోర్టు మళ్ళీ అనుమతించింది. కూర్చోవడం అన్నది ఎంత పెద్ద రాజకీయ చర్యో ఆ ఏడాదిన్నర మనకు నేర్పింది. 2020 జనవరిలో కోల్‌కతా పార్క్ సర్కస్ మైదానంలో పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా రాత్రింబవళ్ళు కూర్చున్న ముస్లిం స్త్రీలు కూడా అదే చూపించారు.

బ్యానర్లు, తాళిబొట్లు

ప్రపంచీకరణ తర్వాత నగరాలకు ఉద్యోగాలకు, చదువులకు వచ్చిన యువతీయువకులకు పార్కు తప్ప చోటు లేదు. హోటల్లో కూర్చోవాలంటే డబ్బు కావాలి, ఇంటికి రానివ్వరు. వాళ్ళను కాచుకుని కూర్చునేవాళ్ళు కూడా తయారయ్యారు. 2019 ఫిబ్రవరి 14న హైదరాబాద్ శివార్లలో కండ్లకోయ దగ్గర ఆక్సిజన్ పార్కులో ఒక గుంపు యువజంటను పట్టుకుని బలవంతంగా తాళి కట్టించి, దాన్ని వీడియో తీసి ఊరంతా తిప్పింది. 2021 ఆగస్టులో ఇందిరా పార్కు గేటుకు ‘పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదు’ అన్న బ్యానరు వెలిసింది. మహిళా కార్యకర్తలు నిలదీశాక నగరపాలక సంస్థ దాన్ని తీసేసి విచారం వెలిబుచ్చింది. పార్కులో కూర్చోవడానికి మంగళసూత్రం కూడా ఒక గేటు పాసన్నమాట.

ఇక్కడొక చిక్కుంది. ఆడవాళ్ళ భద్రత పేరు చెప్పి ఈ పనులన్నీ జరుగుతాయి. జంటల్ని తరమడం, చెట్లకొమ్మలు నరకడం, బఠానీలమ్మే పిల్లల్ని, బెంచీ మీద పడుకున్న కూలీని గెంటెయ్యడం అన్నీ మనకోసమేనంటారు. ముంబై మీద పరిశోధన చేసి 2011లో ‘వై లాయిటర్’ రాసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ఈ సంగతే గట్టిగా చెప్పారు. భద్రత గురించి ఎంత మాట్లాడితే అంతగా స్త్రీలు ఇంటికి పరిమితమవుతారు, పేద మగవాళ్ళు నేరస్థులవుతారు. అడగాల్సింది భద్రత ఒక్కటే కాదు, పనిలేకుండా తిరిగే హక్కు, అదీ అందరికీ. నాకు ఈ మాట నచ్చుతుంది. అయితే తిరిగే హక్కుతో పాటు వెలిగే దీపం, శుభ్రమైన మరుగుదొడ్డి, ఇంటికి చేర్చే బస్సు కూడా ఉంటేనే అది మధ్యతరగతి ఆడవాళ్ళను దాటి పోతుందని కూడా అంటాను.

బస్సు మాట వచ్చింది కాబట్టి... 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి వెక్కిరింతలు. పనీపాటా లేకుండా తిరుగుతున్నారని, బస్సుల్లో వెల్లుల్లిపాయలు వలుచుకుంటున్నారని. వెల్లుల్లి వలవడం పని కాదా అన్నది ఒక ప్రశ్న. పని లేకుండానే తిరిగితే మాత్రం ఏం అన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

లెక్కపెట్టి చూసినవాళ్ళు

ఇదంతా మనసుల్లో మారాల్సిన సంగతి, బెంచీలకూ దీపాలకూ సంబంధం ఏముంది అనేవాళ్ళుంటారు. వాళ్ళకు వియన్నా నగరం అనుభవం చెప్పాలి. 1996, 97లలో అక్కడి సామాజిక శాస్త్రవేత్తలు పార్కులకు వచ్చే పిల్లల్ని గమనిస్తే, తొమ్మిదేళ్ళ తర్వాత ఆడపిల్లలు గబుక్కున తగ్గిపోతున్నారు, మగపిల్లలు తగ్గడం లేదు. కారణం వెతికారు. మధ్యలో ఒకటే పెద్ద మైదానం ఉంటే బంతి ఉన్న మగపిల్లలు దాన్ని ఆక్రమిస్తారు. ఆడపిల్లలు వాళ్ళతో తలపడకుండా తప్పుకుంటారు. 1999లో రెండు పార్కులను మార్చి చూశారు. నడకదారులు మెరుగుపరిచారు, మైదానాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు వేశారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. వాళ్ళ స్వభావమే అంత అనుకున్నది కాస్తా ఒక మైదానం ఆకారం అని తేలింది.

మన కాలనీ పార్కులను ఇదే కళ్ళతో చూడండి. చాలాచోట్ల పొద్దున్న, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం తాళం వేస్తారు. పొద్దున్నే వంట, టిఫిన్ డబ్బాలు. సాయంత్రం మళ్ళీ పిల్లలు, వంట. గృహిణికైనా, నాలుగిళ్ళలో పని ముగించిన మనిషికైనా దొరికే ఖాళీ మధ్యాహ్నమే. ఆ ఖాళీలో గేటుకు తాళం. ఎవరి దినచర్య చూసి ఈ వేళలు పెట్టారు? ఇక తెల్లవారుజామున ట్రాకు ఊడ్చే ఆడవాళ్ళున్నారు. మనం నడిచే ప్రతి అడుగూ ముందు వాళ్ళ చీపురు తాకిందే. పని అయ్యాక వాళ్ళు ఆ బెంచీ మీద కూర్చుని టీ తాగడం ఎంతమంది చూశారు? గోడ పక్కన నేల మీద కూర్చుంటారు. ఎవరూ వద్దనక్కర్లేదు, ఆ బెంచీ ఎవరిదో కులం, వర్గం ఎప్పుడో చెప్పేశాయి. మహాడ్‌లో చవ్‌దార్ చెరువు అందరిదని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. 1927లో అంబేద్కర్ వెంట జనం నడిచివెళ్ళి దోసిలి పట్టేదాకా అది అందరిదీ కాలేదు. స్థలం కాగితం మీద ‘పబ్లిక్’ అవడం ఒకటి, మనుషులు అందులోకి దిగితే అవడం ఇంకొకటి.

బెంగుళూరులో జస్మీన్ పథేజా 2003లో మొదలుపెట్టిన బ్లాంక్ నాయిస్ ‘మీట్ టు స్లీప్’ అని ఒక కార్యక్రమం చేస్తోంది. ఆడవాళ్ళు పార్కుకొచ్చి, పచ్చిక మీద దుప్పటి పరుచుకుని, పట్టపగలు కాసేపు నిద్రపోతారు. అంతే. నినాదం లేదు, బ్యానరు లేదు. మగవాడు పార్కులో కునుకు తీయడం రోజూ చూసే దృశ్యం. ఆడవాళ్ళు అదే పని చేయడానికి ముందు తేదీ వేసుకుని, పదిమంది జమ కావలసి వస్తోంది. నోముకు తిథి కావాలి, నిద్రకు తేదీ కావాలి. తేడా ఒక్కటే, ఈసారి తేదీ వేసుకున్నది మనం, అదీ ఎవరి ఆయుష్షు కోసమూ కాదు.

ఈ పత్రిక చదివే మనం ఊళ్ళలో సభలు పెడతాం, హాళ్ళు అద్దెకు తీసుకుంటాం. ఈసారి ఒక సమావేశం మన మునిసిపల్ పార్కులో, మధ్యాహ్నం రెండింటికి పెట్టుకుందాం. గేటుకు తాళం ఉంటే తీయమని అర్జీ ఇద్దాం. టాయిలెట్ లేకపోతే రాసుకొద్దాం. ఊడ్చే అక్కలను కూడా బెంచీ మీదికి పిలుద్దాం. పెద్దవాళ్ళు ఊగే ఉయ్యాల ఒకటి వేయమని అడుగుదాం. సమావేశం దేనిగురించని వాచ్‌మన్ అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. ఊరికే అని చెబుదాం.